మేలుకొలుపు సారు తీసిన నా నకలు

మేలుకొలుపు సారు దేన్నైనా ఒకసారి చంపి, మళ్ళీ లేపి చూసుకుంటేగానీ అది బతికి ఉన్నట్టు నమ్మడు.

ఊరికే అనడం లేదు. ఇంటికి తాళం వేస్తాడా, వేసి వెళ్ళిపోడు. తాళం తీసి, లోపలికెళ్ళి, కుర్చీలో ఒకసారి కూర్చుని, బయటికొచ్చి మళ్ళీ వేస్తాడు. మండుటెండలో గొడుగు విప్పి, ముడిచి, "లేచింది" అని తలాడించి చంకలో పెట్టుకుంటాడు. వాన మొదలయ్యాక విప్పబోయినప్పుడు లేవకపోతే ఏం చేస్తారని మనల్నే అడుగుతాడు. రెండో గొడుగు ఆఫీసులో ఉంటుంది. కళ్ళజోళ్ళు రెండు. ప్రతి గురువారం రెండోది పెట్టుకుంటాడు. అది ఆయన ముక్కుకి బిగుతు కాబట్టి గురువారమంతా ముక్కుతో మాట్లాడతాడు. పని మధ్యలో ఇంటికి ఫోన్ చేస్తాడు. "ఏం లేదు, నీ ఫోన్ మోగుతుందో లేదోనని." అవతల ఆయన భార్య "మోగింది, పెట్టెయ్" అనడం ఇవతల నాకు వినిపించేది.

భోజనం డబ్బాలూ రెండే. ఒకటి ఒలికిపోతే రెండోది ఉంటుందని. ఏదీ ఏనాడూ ఒలకలేదు. అందుకని గురువారం రెండో డబ్బా తాను తిని మొదటిది నాకిచ్చేవాడు.

"రెండోది చెడిపోలేదని తెలియాలి కదా పెద్దమ్మా."

"చెడిపోయి ఉంటే?"

"తెలుస్తుంది కదా."

ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు. "పెద్దమ్మా, మీ ఇంటి రెండో తాళంచెవి ఎక్కడుంటుంది?"

"పక్కింటావిడ దగ్గర."

"పడుతుందా?"

"తాళంచెవి తాళానికి పడక నీ ముక్కుకి పడుతుందా?"

"వేసి చూశారా?"

చూడలేదు. ఆ సాయంత్రమే వెళ్ళి వేసి చూశాను. పడలేదు. పదమూడేళ్ళుగా ఆవిడ భద్రంగా దాస్తున్నది తన బీరువా తాళంచెవి. ఆ సంగతి నేను ఆయనకి చెప్పలేదు. నాకూ పరువుంది.

మేమిద్దరం పనిచేసింది ఒక పెద్ద ఆసుపత్రి సెల్లారులో. మెట్లు దిగితే పొడవాటి నడవా. కిటికీలుండవు. పట్టపగలు కూడా ట్యూబులైట్లు వెలుగుతుంటాయి, మూడోది మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. నడవా చివర ఎదురెదురుగా రెండు చల్లటి గదులు. ఎడమది శవాల గది. కుడిది మేలుకొలుపు సారు గది. రెండింటికీ ఒకే రకం ఇనప తలుపు, ఒకే రకం రబ్బరు అంచు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ రెండు గదులూ నేనే తుడిచాను. ఒక గదిలో పడుకున్నవాళ్ళు లేవరు. రెండో గదిలో ఈయన లేపుతూనే ఉంటాడు. మధ్యలో బకెట్టుతో నేను.

ఆయన గదిలో నిలువెత్తు ఇనప బీరువా, దాని నిండా పచ్చటి చుక్కలు. ఊఁ అని ఒకటే మోత, అవతలివాళ్ళు చెప్పేది వింటున్నట్టు.

"ఏముంది నాయనా దీంట్లో?" అని మొదటిరోజే అడిగాను.

"పదకొండు కంప్యూటర్లు పెద్దమ్మా. రోగుల చీట్లు రాసేది ఒకటి, రక్తపరీక్షలు దాచేది ఒకటి, ఫలానా రోజు రండని ఫోన్లకి కబుర్లు పంపేది ఒకటి..."

"నాకు ఒకటే కనిపిస్తోందే?"

"పెట్టె ఒకటే. వాటికి విడిగా ఒళ్ళు ఉండదు. వర్చువల్ మెషీన్లు అంటారు. ఒక్కొక్కటీ ఈ పెట్టె మొత్తం నాదే అనుకుంటుంది. పక్కన ఇంకో పది ఉన్నట్టు దానికి తెలీదు."

"మా అత్తగారింట్లోనూ పదకొండు మందిమి. ప్రతివాళ్ళూ ఇల్లు మొత్తం నాదే అనుకునేవాళ్ళు. కాకపోతే పక్కవాళ్ళున్నారని తెలిసే అనుకునేవాళ్ళు. అయినా ఒళ్ళు లేకుండా తిరిగేదాన్ని కంప్యూటరనరు నాయనా, దానికి వేరే పేరుంది."

ఆయన ఎదురు గది వంక చూసి, "మెల్లిగా అనండి" అన్నాడు.

ఆ పదకొండింటినీ ఒక పెట్టెలో కాపురం చేయించే సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదట. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, లోపలి రాతంతా బయట పెట్టేశారట. ఎవరైనా విప్పి చదువుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. ఓపెన్ సోర్స్ అనేవాడు. "ఏదీ దాచుకోనివాళ్ళనే నమ్మాలి పెద్దమ్మా" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా తాళంచెవి సంగతి తెలిసిపోయిందేమోనని నేను బకెట్టు సర్దుకునేదాన్ని.

వాటికి పేర్లుండవు, నంబర్లే. నూటొకటి నుంచి నూటపదకొండు దాకా. రోజూ వాటికి నకళ్ళు తీస్తాడు. తీసేముందు "ఒక్క క్షణం రాయడం ఆపు" అని చెప్పాలట. అవి ఊపిరి బిగబడతాయి. ఆ క్షణంలో బీరువా మోత ఒక్క పిసరు తగ్గినట్టుండేది. ఎదురు గది కూడా నిశ్శబ్దంగా ఉండేది. అది ఎప్పుడూ ఉండేదే అనుకోండి.

నకలు తీశాక తెరమీద పచ్చటి టిక్కు పడుతుంది. ఇంకెవరైనా అయితే దాన్ని చూసి ఇంటికెళ్ళిపోతారు. ఈయన ఆ టిక్కుని పెళ్ళికొచ్చిన తాగుబోతుని చూసినట్టు చూసేవాడు. "నకలు తీశానని చెబుతోంది. లేస్తుందని చెప్పడం లేదు."

గురువారం మధ్యాహ్నం మూడింటికి లేపడం మొదలయ్యేది. నకళ్ళలోంచి ఒకదాన్ని బయటికి తీసి కొత్త నంబరిస్తాడు. నూటనాలుగు నకలైతే తొమ్మిదివందల నాలుగు. అది బయట ఎవరితోనూ మాట్లాడకుండా ముందు దాని తీగ పీకేస్తాడు. అప్పుడు లేపుతాడు. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు చీమల్లా పైకి పాకుతాయి, ఆగుతాయి. లోపల ఎవరో కళ్ళు తెరిచి చీకట్లో మనకోసం తడుముకుంటున్నట్టు ఒక చిన్న గీత కొట్టుకుంటుంది.

"ఆఖరికి ఎవరి పేరు రాశావు?" అని అడుగుతాడు, వేళ్ళతో.

సోమవారం తీసిన నకలైతే, ఆ రోజు ఏ పేరు దగ్గర ఊపిరి బిగబట్టిందో ఆ పేరే చెబుతుంది. తర్వాత మూడు రోజులు గడిచాయని దానికి తెలీదు. ఆ పేరు గల మనిషి ఈ మూడు రోజుల్లో మా ఎదురు గదికి వచ్చేసినా దానికి తెలీదు. ఒకసారి అలాగే జరిగింది. నేను రెండో తరగతే చదివినా పేర్లు చదవగలను. తెరమీద పేరు చూశాను. అంతకుముందే ఎదురుగదిలో కాలికి కట్టిన చీటీ మీద అదే పేరు చదివి వచ్చాను.

"దానికి చెప్పకూడదా నాయనా?"

"పది నిమిషాల్లో పడుకునేదానికి ఎందుకు పెద్దమ్మా?" అని, చెరిపేశాడు. గీత కొట్టుకోవడం ఆగిపోయింది.

"తీగ పీకకపోతే ఏమవుతుంది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అసలుదీ నకలూ ఒకే తీగ మీద మెలకువగా ఉండకూడదు. రెండూ నేనే నేనంటాయి. నకలుకి కాలం తెలీదు. ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి పని మొదలెడుతుంది."

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు అద్దంలో చూసుకుంటూ జుట్టు దువ్వుకోవడం మానేశాను.

ఇంతలో కొత్త పరిపాలన అధికారి వచ్చాడు. వచ్చిన వారంలోనే ఏ జాబితా చూసినా ఏదో ఒకటి కొట్టేయడంతో కత్తెర సారు అనే పేరు పడింది. ఒకరోజు మా సెల్లారుకి దిగాడు.

"ఆరేళ్ళలో ఈ కంప్యూటర్లు ఎన్నిసార్లు పోయాయి?"

"ఒక్కసారీ పోలేదు సార్."

"మరి వారం వారం లేపడం దేనికి? టిక్కు పడుతోందిగా. ఎవరైనా చేయగలిగే పని ఇది."

"చేయగలరు సార్. తీగ ఒక్కటి గుర్తుంచుకుంటే..."

"తీగలు నాకు చెప్పకండి."

రెండు రోజుల తర్వాత మేలుకొలుపు సారు పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టాడు. దానికి రెండోది లేదని దిగులుగా వెళ్ళాడు. తను లేనప్పుడు అవసరమవుతుందని సంకేతపదాలన్నీ ఒక కవరులో పెట్టి అధికారి బీరువాలో దాచేది ఆయనే. కత్తెర సారు ఆ కవరు చింపుకుని మా గదికొచ్చి కూర్చున్నాడు. పాతవి కూడా ఇట్టే లేస్తాయని చూపించాలని, కబుర్లు పంపే నూటనాలుగుకి ఆరు నెలల కిందటి నకలు ఎంచుకున్నాడు.

నేను గుమ్మం తుడుస్తున్నాను. "తీగ పీకరా సారూ?"

"నువ్వు నేర్పుతావా నాకు?"

"నేను కాదు సారూ, ఆయన అంటుంటాడు."

"తుడుచుకో."

తుడుచుకున్నాను. అక్షరాలు పైకి పాకాయి. గీత కొట్టుకుంది. "చూశావా, ఎంతసేపు పట్టింది?" అని కత్తెర సారు చేతులు దులుపుకుని, దాన్ని అలాగే వదిలేసి భోజనానికి వెళ్ళాడు. బీరువా మోత మారింది. అటూ ఇటూ ఇద్దరు ఊఁకొడుతున్నట్టుంది. నేను తలుపు దగ్గరగా వేసి, ఆ రోజుకి అటు తుడవడం చాలించాను.

మర్నాడు పొద్దున్న పై హాలు నిండిపోయింది. ఆరు నెలల కిందట పంపాల్సి మిగిలిన కబుర్లన్నీ ఆ నకలు లేవగానే పంపేసింది. "రేపు ఉదయం పదిన్నరకి తప్పక రావలెను." కొందరికి జబ్బు ఎప్పుడో నయమైపోయింది. కొందరికి మరోలా నయమైంది. కబుర్ల గొడవంతా కింద సారుని అడగమని పైవాళ్ళు మెట్లు చూపించేస్తున్నారు.

నేను మూడో ట్యూబులైటు కింద ఉన్నాను. అది ఆరింది. వెలిగింది. బల్లమీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గుబురు కనుబొమలు, వంకర ముక్కు, గోధుమరంగు గళ్ళ కోటు. ఆ మొహం మీద దుప్పటి కప్పింది నేనే, ఐదు నెలల కిందట. ఆ కోటు మడిచి సంచిలో పెట్టి ఇచ్చిందీ నేనే.

"రమ్మన్నారట" అన్నాడు.

"ఎవరు?"

"ఇక్కణ్ణించే. పదిన్నరకి."

శవాల గది వంక చూశాను. తలుపు మూసే ఉంది. "మళ్ళీ ఎందుకొచ్చావు నాయనా? కోటు కూడా ఇచ్చేశాం కదా" అన్నాను.

"కోటు బాగానే ఉందమ్మా. భుజాలే కాస్త వదులు."

తుడుపు కర్ర చేతిలోంచి జారింది. ఆ చప్పుడుకి మేలుకొలుపు సారు వాచిన బుగ్గతో పరిగెత్తుకొచ్చాడు.

"తమ్ముణ్ణండీ" అన్నాడు పెద్దాయన లేచి. "అన్నయ్య పోయారు. ఇంత పెద్ద ఆసుపత్రివాళ్ళు పనిగట్టుకుని రమ్మన్నప్పుడు ఇంట్లోంచి ఎవరో ఒకరం రాకపోతే బాగుండదని..."

మేలుకొలుపు సారు ఆయన పక్కనే కూర్చుని, ఆయన చేతులు పట్టుకుని, తప్పు తనదేనని చెప్పాడు. తనది కాదు. గురువారం కాకపోయినా మొదటి డబ్బా తీసి ఆయనకిచ్చాడు. తర్వాత గదిలోకెళ్ళి ఆ నకలుని పడుకోబెట్టాడు.

దాంతో కత్తెర సారుకి బుద్ధి రావాలి కదా. వచ్చింది, కాకపోతే తిరగేసి వచ్చింది. గురువారాలు ఇకమీదట మానొద్దన్నాడు. అక్కడితో ఆగకుండా, ఈ భవనంలో నకలు లేని వస్తువుగానీ మనిషిగానీ ఉండకూడదని కాగితం తీశాడు. నన్ను పిలిచాడు.

"నీ వయసెంత?"

"మీకెంత కావాలి సారూ?"

"పుట్టినతేదీ కాగితం లేదు. చదువు లేదు. సెల్లారులో ఏది ఎలా నడుస్తుందో నీకు తప్ప ఎవరికీ తెలీదు. రేపు నువ్వు మంచం పడితే?" అని మేలుకొలుపు సారు వైపు తిరిగాడు. "మీరే కదా నేర్పారు. ఈవిడకి నకలు తీయండి. అంతా పుస్తకంలో రాయండి. కొత్త మనిషిని తెస్తాను. ఆ పుస్తకం పట్టుకుని ఆవిడ ఒక పూట నడిపిందంటే ఈ ఆయమ్మ ఇంటికి వెళ్ళొచ్చు."

నకలు లేస్తే అసలు ఇంటికి. ఇంట్లో నాకు ఏముంది? నాలుగు గోడలు. నేను మాట్లాడితే ఊఁకొట్టడానికి ఇనప బీరువా కూడా లేదు.

మేలుకొలుపు సారు కాదంటాడనుకున్నాను. "సరే సార్" అన్నాడు. మెట్లు దిగుతుంటే నా నోరు ఊరుకుంటుందా?

"ఎదురు గదిలో పడుకోబెట్టాక తీయరాదూ నా నకలు? కదలకుండా ఉంటాను."

"మెలకువగా ఉన్నప్పుడే తీయాలి పెద్దమ్మా. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టండి."

వెటకారమో నిజమో తెలీదు. సిగ్గు లేకుండా బిగబట్టాను.

అట్టమీద నూటపన్నెండు అని వేసిన పుస్తకం పట్టుకుని మూడు వారాలు నా వెనకే తిరిగాడు. నేనేం చేసినా "ఎందుకు?" అనేవాడు.

"శవాల గది తలుపు మూడుసార్లు ఎందుకు కొడతారు?"

"రబ్బరు అతుక్కుపోతుంది. కొడితే వదులవుతుంది."

"కొట్టి ఎందుకు ఆగుతారు?"

"లోపల చల్లదనం మోటారు తిరుగుతుంటే తలుపు గుంజుకుంటుంది. అది ఆగాక తీయాలి."

"తుడిచేటప్పుడు వెనక్కే నడుస్తారెందుకు?"

"తుడిచినచోట నీలాంటివాళ్ళు తొక్కకుండా. నడుమ తిరిగి చూశావంటే కాలు జారుతుంది."

పదకొండింటికి గోడలోంచి ఏడుపు ఎందుకొస్తుందో చెప్పాను. అది పై వంటగది గొట్టంలో ఆవిరి. పిలవకుండా లిఫ్టు ఖాళీగా ఎందుకు దిగుతుందో చెప్పాను. దాని బటను లోపల ఇరుక్కుంటుంది, తలుపుకి అడ్డం నిలబడితే అక్కడే ఆగిపోతుంది, పక్కకి తప్పుకుంటే దానంతటదే పోతుంది. అన్నీ చెప్పాను. కోపంతోనే చెప్పాను, కానీ తప్పు చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ పనిని తప్పు చెప్పడానికి నోరెలా వస్తుంది?

గురువారం మూడింటికి పరీక్ష. నా ఆకుపచ్చ కోటు, నా తాళాల గుత్తి మేలుకొలుపు సారు తీసుకున్నాడు. కొత్త మనిషికి కోటు తొడిగాడు. గుత్తిలోంచి సెల్లారు తాళాలు ఆవిడకిచ్చి మిగతావి జేబులో వేసుకున్నాడు.

"మీరు పై హాల్లో కూర్చోండి పెద్దమ్మా. ఆవిడతో మాట్లాడకూడదు."

"నా తీగ పీకేశావన్నమాట."

ఆయన జేబు ఒకసారి తడిమి చూసుకున్నాడు.

బల్లమీద కూర్చున్నాను. కోటు లేని నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. ఇరవై ఏళ్ళుగా నన్ను పలకరించే నర్సు నా మీదుగా గోడ గడియారం చూసి వెళ్ళిపోయింది. ఎదురుగా నా కోటు మెట్లు దిగుతోంది. నా బకెట్టు, నా కర్ర, అదే వంగిన వీపు. మలుపు దగ్గర ఆగింది. కింద మూడో ట్యూబులైటు ఆరి వెలిగిన వెలుతురులో ఇటు తిరిగి చూసింది. ఒక్క క్షణం మా ఇద్దరిలో బల్లమీద కూర్చున్నది ఎవరో నాకు తెలియలేదు. నా చేతులు తడుముకున్నాను. చల్లగా ఉన్నాయి. నన్ను ఎక్కడ ఆపారో అక్కణ్ణించి ఆవిడ మొదలెడుతుంది, నన్ను ఎవరూ అడగరు కూడా అనుకున్నాను.

ఇరవై నిమిషాలైంది. కింద బకెట్టు దొర్లిన చప్పుడు. కొత్త మనిషి ఒంటి చెప్పుతో పైకొచ్చింది. కోటు విప్పి నా ఒళ్ళో పడేసింది.

"నావల్ల కాదు. పిల్లలున్నదాన్ని."

కత్తెర సారు వచ్చాడు. "ఏమైంది? పుస్తకంలో అన్నీ ఉన్నాయి కదా?"

"ఉన్నాయి కాబట్టే పోతున్నాను. మీరే చదువుకోండి."

ఆయన పుస్తకం లాక్కుని అందరి ముందూ పైకే చదివాడు.

"'శవాల గది తలుపు మూడుసార్లు కొట్టవలెను. లోపల చప్పుడు ఆగేదాకా బయటే ఉండవలెను.'"

హాల్లో ఒకావిడ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది.

"'తుడుచునప్పుడు వెనక్కి నడవవలెను. ఎట్టి పరిస్థితిలోనూ వెనుదిరిగి చూడరాదు. పదకొండింటికి గోడలోంచి ఏడుపు వినిపించును. పట్టించుకొనరాదు. లిఫ్టు దానంతటదే వచ్చి తెరుచుకొనును. ఎవరూ కనిపించరు. పక్కకి తప్పుకొని దారి ఇవ్వవలెను.'"

చదివేకొద్దీ ఆయన గొంతు సన్నబడింది. నాకూ వెన్ను జలదరించింది. అవన్నీ నేను రోజూ చేసే పనులే.

"అంతా మూఢనమ్మకం! ఒక్క పూట నేనే నడిపి చూపిస్తాను" అని మెట్లు దిగాడు.

ఏడు నిమిషాలు గడిచాయి. లిఫ్టు పైకొచ్చింది. తలుపు తెరుచుకుంది. కత్తెర సారు ఒక మూలకి ఒదిగి నిలబడి ఉన్నాడు, మిగతా చోటంతా ఎవరికో వదిలేసి.

బయటికొచ్చి, చొక్కా సర్దుకుని, "ఆయమ్మ కోటు ఆయమ్మకి ఇచ్చెయ్యండి" అన్నాడు. నా కోటు నా ఒళ్ళోనే ఉంది. కొత్త మనిషిని పిల్లల వార్డుకి వేశారు. అక్కడ ఏడుపులు మనుషులవే కాబట్టి ఆవిడ సుఖంగా ఉంది.

ఆ సాయంత్రం పుస్తకం అడిగి తీసుకున్నాను. కూడబలుక్కుంటూ మొదటినుంచీ చదివాను.

"నాయనా, దీంట్లో ఒక్క అబద్ధం లేదు."

"లేదు పెద్దమ్మా."

"'ఎందుకు' కూడా లేదు. మూడు వారాలు నా ప్రాణం తోడి అడిగావే, అవన్నీ ఏవీ?"

"చోటు సరిపోలేదు."

"సగం పుస్తకం ఖాళీగా ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి, అప్పటికే మెరుస్తున్న అద్దాలు చాలాసేపు తుడిచాడు. గొడుగుకి రెండో గొడుగు, దానికి మళ్ళీ పరీక్ష పెట్టే మనిషి. లేవదని తెలిసి తెలిసి ఆయన చేత్తో తీసిన నకలు జన్మలో అదొక్కటే. ఆ మాట పైకి అంటే ఆయనకి బాగుండదని "చేతిరాత మాత్రం బాగుంది" అన్నాను.

తర్వాతి సోమవారం నాకు జ్వరం తగిలింది. మూడు రోజులు లేవలేదు. తలుపు లోపలనుంచి తాళం వేసుకునే అలవాటు. మొదటిరోజు కళ్ళు తెరిస్తే దిండు పక్కన భోజనం డబ్బా ఉంది. వెచ్చగా ఉంది. తాళం వేసినట్టే ఉంది. రెండోరోజు మళ్ళీ ఉంది. ముందురోజుది లేదు. శవాల గదికి చేరిపోయానని, అక్కడ ఇలాగే వేళకి పెడతారేమోనని అనుకుని, తినేసి పడుకున్నాను.

గురువారానికి నిలబడగలిగాను. మూడు రోజులు ఆయా లేదని తెలిసి కత్తెర సారు మళ్ళీ కత్తెర తీసి ఉంటాడని హడలుతూ మెట్లు దిగాను. నడవా మెరుస్తోంది. బకెట్టు బోర్లించి ఉంది, నేను బోర్లించినట్టే. గుడ్డ రెండు మెలికలు పిండి ఆరేసి ఉంది. లోకంలో అలా పిండేది నేనొక్కదాన్నే. నేను ఇంట్లో ఉన్నాను కదా, మరి ఇక్కడ తుడిచిందెవరు?

నడవా ఆ చివర ట్యూబులైటు ఆరింది. వెలిగింది. ఆకుపచ్చ కోటు ఒకటి, వీపు నావైపు పెట్టి, తుడుచుకుంటూ వెనక్కి నడిచి వస్తోంది. అటూ ఇటూ చూడదు. మూడడుగులకోసారి కర్ర మార్చే పద్ధతి కూడా నాదే. ఎవరో నా నకలుని తీగ పీకకుండా లేపేశారనుకున్నాను.

"ఎవరది?"

అది తిరగలేదు. "తిరిగితే కాలు జారుతుంది పెద్దమ్మా" అంది, ముక్కుతో.

నేను గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చున్నాను. ఆయన నా దాకా వెనక్కే వచ్చి అప్పుడు ఆగాడు. కోటు జేబులో ఇంకో పుస్తకం. అట్టమీద తొమ్మిదివందల పన్నెండు. లాక్కుని తిప్పాను. రెండువైపులా కిక్కిరిసి రాసి ఉంది. ప్రతి పని పక్కనా 'ఎందుకనగా' అని.

"లేస్తుందో లేదో చూడాలి కదా" అన్నాడు. "మీరు రాలేదని పైన ఎవరికీ తెలీదు."

"ఇప్పుడు ఇద్దరం ఒకే తీగ మీద ఉన్నాం, తెలుసా?"

వెంటనే కోటు విప్పి నాకిచ్చేశాడు. తొడుక్కున్నాను. దాని జేబులో ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే మా ఇంటి తాళంచెవి. కొత్తగా కోయించింది, అంచులు ఇంకా మెరుస్తున్నాయి.

"ఒకటి మీ పక్కింటావిడకిచ్చాను, డబ్బా లోపల పెట్టాలి కదా" అన్నాడు. "ఆవిడ దగ్గరున్నది బీరువాదట."

తాళాల గుత్తి గుర్తొచ్చింది. పోయిన గురువారం పరీక్ష రోజున, మా ఇంటి తాళంచెవితో సహా ఆ గుత్తి ఈయన జేబులోనే ఉంది. పరువు పోతే పోయిందని ఈ ఆరేళ్ళలో మొదటిసారి ఆ ప్రశ్న నేనే ఆయన్ని అడిగాను.

"వేసి చూశావా?"

"రెండుసార్లు" అన్నాడు ముక్కుతో.